నా కూతురి చెయ్యి, నా వణుకు

సహోదరీ సహోదరులారా, నేను పిరికిదాన్నని జగ్గయ్యపేట సంఘంలో అందరికీ తెలుసు, అందుకే దేవుడు నాకు చేసిన మేలు నా నోటితోనే చెప్పాలని లేచాను.

నా కూతురు కరుణ పుట్టిన మూడో రోజున దాని కుడి చెయ్యి ఒక్కటే టపటపా కొట్టుకుంది, కళ్లు తేలేసింది, ఇరుగుపొరుగు గ్రహం సోకిందన్నారు, నేను వణుకుతూ బండి కట్టించుకుని మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ చూసి, "తలలో నెత్తురు ఆగి పక్షవాతం తగిలిందమ్మా. నడుస్తుంది, మాట్లాడుతుంది, ఆ చెయ్యి మాత్రం పూర్తిగా రాదు" అంది. పసిగుడ్డుకు పక్షవాతమేమిటని నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆమె చెప్పినట్టే పిల్ల నడిచింది, నన్ను మించి మాట్లాడింది, కుడి బొటనవేలు మాత్రం పిడికిలి లోపలే ఉండిపోయింది. కల్లంలో మిరపకాయను ఆ పిడికిట్లో ఇరికించి ఎడమచేత్తో తొడిమ తీసేది. అయినా నేను దాన్ని నీళ్లకుండ ఎత్తనివ్వలేదు, కత్తిపీట దగ్గరికి రానివ్వలేదు.

పెద్దదయ్యాక దాన్ని నందిగామ బడిపంతులు ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. కరుణ కానుపుకు నా ఇంటికి వచ్చి ఆడపిల్లను కన్నది, అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. అల్లుడికి తల్లి లేదు, పొద్దున్నే బడికి పోతాడు, నూనె రాసిన పసిబిడ్డ చేపపిల్లలా జారిపోతుంది, ఇది ఒంటిచేత్తో దానికి నీళ్లెలా పోస్తుంది? బిడ్డ బండ మీద పడ్డ చప్పుడు పట్టపగలే నా చెవుల్లో వినపడేది. బిడ్డను నా దగ్గరే ఉంచెయ్యమన్నాను, అది ఒప్పుకోలేదు.

"ప్రభువా, ఇప్పుడైనా దాని చెయ్యి తెరువు, లేదంటే ఆ పసిదాన్ని నువ్వే పట్టుకో" అని ఏడ్చి ప్రార్థించాను.

నందిగామ వెళ్లే ముందు ఒక పొద్దున కరుణ తానే పీట వేసుకుని కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టింది. నేను పరుగున వెళ్లి చేతులు చాచాను.

"అమ్మా, అవతల కూర్చో. నువ్వు పోసినా ఇంతేగా, పిల్లని పట్టుకునేది కాళ్లే. చేతికి చెంబు పనేగా" అంది.

ఎడమచేత్తో నీళ్లు పోసింది, పిడికిలిని బిడ్డ పక్కన ఆనించింది. నేను గోడ పట్టుకుని "యేసయ్యా, యేసయ్యా" అంటూనే ఉన్నాను. మా అమ్మ నాకు పోసింది అలాగే, నేను దానికి పోసిందీ అలాగే, ఇన్నేళ్లలో ఆ సంగతి నా బుర్రకు తట్టనేలేదు. బిడ్డ ఆ కాళ్ల మధ్యే నిద్రపోయింది.

నా కూతురి చెయ్యి ఈ రోజుకీ తెరుచుకోలేదు సహోదరులారా, నేను అబద్ధం చెప్పను. బిడ్డ నందిగామలో చక్కగా పెరుగుతోంది. దేవునికే మహిమ. మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే ప్రభువును నమ్మి ఆయన చేతిలో పెట్టండి, పెట్టాక చెంబు మాత్రం ఆ పిల్ల చేతికే ఇవ్వండి.