మామ తీసిన తరుగు

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో ఒక వీరమాత ఉంది, పన్నెండు వారాల పోరు ఉంది, అడవి నుంచి తెప్పించిన దివ్యౌషధాలు ఉన్నాయి, చివరికి సొంత రక్తమే చేసిన ద్రోహం కూడా ఉంది. ఇలా మొదలుపెడితే చదువుతారని మొదలుపెట్టాను గానీ నిజానికి అంత లేదు. ఉన్నదల్లా మా అమ్మ రెండు మోకాళ్లు, ఒక పల్లీల కాంటా.

ఈ పొద్దున మా చిన్నమ్మ, అంటే అమరచింతకు ఇచ్చిన అమ్మ చెల్లెలు, ఫోన్‌లో మా బంధువుల గ్రూపులో ఒక వీడియో పెట్టింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, మెటబాలిజం పెంచే ఏడు పదార్థాలు తింటే కూర్చున్న చోటే కొవ్వు కరిగిపోతుందని, తాను కరిగించి చూసినంత ధీమాగా చెబుతున్నాడు. ఉలవలు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఇంకా ఏవేవో. అమ్మ దాన్ని మూడుసార్లు చూసింది. నాకు మాత్రం పదేళ్ల కిందటి శుక్రవారాలు గుర్తొచ్చాయి.

అప్పుడు నేను డిగ్రీ ముగించి, ప్రపంచం నా కోసం ఎదురుచూస్తోందని నమ్మి, ప్రపంచం ఆ సంగతి మరిచిపోవడంతో, పెద్దమందడి దగ్గర మా ఊళ్లోనే పల్లీలు కొనే ఒక దుకాణంలో చిట్టీలు రాసే పనికి కుదిరాను. ఆ పని ఇప్పించింది మా మేనమామ. అమ్మకు తమ్ముడు, ఆ దుకాణంలో ఇరవై ఏళ్లుగా కాంటా వేసే మనిషి. బస్తా కాంటా ఎక్కగానే మామ గుండు జరిపి చూసి, సంచికింత, మట్టికింత, తేమకింత అని మనసులోనే తరుగు తీసేసి, మిగిలిన అంకెను గట్టిగా అరిచేవాడు. నేను కాంటాకు వీపు పెట్టి కూర్చుని వినబడింది రాసేవాణ్ని. వెనక్కి తిరిగి చూడడం రాసేవాడి పని కాదు, చూస్తే మామను అనుమానించినట్టు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కథకున్న మలుపు ఇదొక్కటే.

అమ్మ ఇరవై ఏళ్లు నాయినతో కలిసి మేస్త్రీ వెంట వలస పోయి, కాలువ పనుల్లో తట్ట మోసింది. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మన అమ్మలు పూటకు రెండేసి జొన్న రొట్టెలు తిని, ఆ బలాన్నంతా పొద్దుగూకేసరికి మట్టిలో కలిపి వచ్చేవాళ్లు. మోకాళ్లు అరిగి ఇంటికి చేరాక అమ్మకు తట్ట దిగింది గానీ రొట్టెలు దిగలేదు. వనపర్తిలో ఎముకల డాక్టరు చూసి, ఆపరేషన్ చేయాల్సిందేనని, అయితే ఎనభై నాలుగు కిలోల మనిషికి ఇప్పుడే చేయలేనని, ఓ ఎనిమిది తగ్గి మూడు నెలలకు రమ్మని చెప్పాడు. బరువు తగ్గాలంటే నడవాలి, నడవాలంటే మోకాళ్లుండాలి, మోకాళ్లుండాలంటే ఆపరేషన్ కావాలి, ఆపరేషన్ కావాలంటే బరువు తగ్గాలి. గానుగెద్దునైనా సాయంత్రానికి విప్పుతారు. అమ్మ కోరింది పెద్దదేమీ కాదు, ఎవరి భుజమూ పట్టుకోకుండా పెరట్లోకి పోయి రావాలని, అంతే.

సమస్య తెలియగానే చుట్టపక్కాలందరూ వైద్యులైపోయారు. వాళ్లకు నాయకత్వం వహించింది చిన్నమ్మ.

"నీ ఒంట్ల పొయ్యి సల్లారిందక్కా. జర రాజెయ్యాలె."

"పొయ్యి రాజేసేది రొట్టె గాల్సనీకే గదనే," అంది అమ్మ.

ఆ మాటలోనే మొత్తం ఫలితం దాగి ఉందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఉలవచారు మొదలైంది. పరగడుపున జీలకర్ర నీళ్లు, వాటి వెనక అల్లం రసం, ఆ అల్లం రసంలోకి నాగర్‌కర్నూల్ సంతలో నల్లమల వాళ్ల దగ్గర కొన్న తేనె. పచ్చిమిర్చి కొవ్వును మండిస్తుందని ఎవరో చెబితే పూటకు నాలుగు కొరికేది, ఆ మంట చల్లారడానికి చెంబెడు మజ్జిగ తాగేది, మజ్జిగ ఉత్తగా తాగబుద్ధికాక దానితో ఇంకో రొట్టె తినేది. గ్రీన్ టీ తెస్తే గడ్డి కషాయమని పక్కన పెట్టింది, నాయిన దాన్ని పారేయడం ఇష్టం లేక బెల్లం కలుపుకుని తాగాడు. వీటిలో ఏదీ తిండికి బదులు కాదు. మందు మందే, తిండి తిండే అన్నది మా ఇంటి సిద్ధాంతం. మందు తిన్నందుకు రోగిని మెచ్చుకుంటూ ఇంకాస్త వడ్డించేవాళ్లం.

మరి తగ్గుతోందా లేదా ఎలా తెలియాలి? ఇంట్లో బరువు చూసే యంత్రం లేదు. కాంటా అయితే మామ చేతిలోనే ఉంది. అందుకని ప్రతి శుక్రవారం అమ్మను బండి మీద దుకాణానికి తీసుకుపోయేవాణ్ని. బస్తాలు దించి, అమ్మను ఎక్కించేవాళ్లం. మోకాళ్లు నిలవవు కాబట్టి ఆమె ఒక చెయ్యి మామ భుజం మీద వేసి నిలబడేది. నేను అలవాటు ప్రకారం వీపు తిప్పి కూర్చునేవాణ్ని. మొదటి వారం "ఎనభై మూడు!" అని మామ గొంతు వినబడింది. ఒక కిలో తగ్గిందని అమ్మ అప్పుడే సంబరపడింది. తర్వాత ఎనభై రెండు, ఎనభై ఒకటిన్నర, మరో వారం ఎనభై. పల్లీలు తెచ్చిన రైతులు తమ బస్తాల సంగతి మరిచి అమ్మ అంకె కోసం చెవులు నిక్కించేవాళ్లు. చిట్టీలన్నీ అమ్మ గాజుల డబ్బాలో దాచుకుంది. పన్నెండో శుక్రవారం మామ "డెబ్బై ఆరు!" అని అరిచిన అరుపు ఊరి చివరి దాకా వినిపించి ఉంటుంది. మా వీధిలో ఉలవలు దొరకకుండా పోయాయి.

దవాఖానకు పోయే రోజు అమ్మ కొత్త చీర కట్టుకుంది. ఆపరేషనయ్యాక ఉండడానికి రెండు జతల బట్టలు, దుప్పటి, చెంబు సంచిలో సర్దుకుంది. వీధంతా వచ్చి సాగనంపింది. మామ కూడా వెంట వచ్చాడు.

అక్కడ గోడ పక్కన చిన్న యంత్రం ఉంది. అమ్మ గోడ పట్టుకోబోతే సిస్టరమ్మ వద్దంది, చెప్పులు కూడా విప్పించింది. ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి ఎనభై ఐదు దగ్గర నిలబడ్డాయి.

"మీ కాంటా ఖరాబైనట్టుంది సిస్టరమ్మా," అంది అమ్మ నింపాదిగా. "మా తమ్ముని కాంటా తప్పు జెప్పది."

పాపం సిస్టరమ్మ తానే ఎక్కి, తన బరువు తనకు తెలుసని చూపించింది. మా మామ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. డాక్టరు విసుక్కోలేదు. అమ్మ తిన్నవన్నీ విని, ఏ గింజా కొవ్వును కరిగించదని, కారమూ టీ లాంటివి ఒంటిని కాసేపు వేడెక్కిస్తే ఎక్కించవచ్చు గానీ ఆ వేడికి తగ్గేది లెక్కలోకి రాదని, ఉలవలు మంచి తిండేనని, కాకపోతే రొట్టెకు బదులు తినాలి గానీ రొట్టె మీదికి తినకూడదని మెల్లగా చెప్పాడు. ఇంకో మూడు నెలలన్నాడు.

బయట వరండాలో మామ తనంతట తానే నోరు విప్పాడు. మొదటి వారం చీరకూ గాజులకూ కిలో తరుగు తీసింది ఉత్త అలవాటేనట. రెండో వారం అంకె కదలలేదట.

"అక్క మొఖం జూస్తే నోట్లెకెల్లి ఆ అంకె రాలే అల్లుడూ. ఇంకో కిలో తీసిన. ఎన్కకు మర్లనీకి తోవ లేకపాయె."

అమ్మ సంచిలోని దుప్పటి తీసి, మళ్లీ మడతపెట్టి, అదే సంచిలో పెట్టింది. తర్వాత అడిగింది.

"ఊరోళ్ల పల్లీలు గూడ గిట్లనే తూచినవా తమ్మీ?"

మామ తల వంచుకున్నాడు. అమ్మ ఆ వంగిన భుజం మీదే చెయ్యి వేసి లేచింది, మరో ఆధారం లేదు గనక. ఇన్ని శుక్రవారాలు ఆ భుజం మీదికి ఎంత బరువు పోయిందో నేను ఏ చిట్టీలోనూ రాయలేదు.

ఆ తర్వాత అమ్మకు రాత్రి రెండు రొట్టెలు ఒకటయ్యాయి, కుర్చీలో కూర్చుని కాళ్లు ఎత్తడం దించడం నేర్చుకుంది. ఏడాదికి నాలుగు కిలోలు తగ్గింది, ఈసారి నిజంగానే. అంతలో షుగరు వచ్చింది, ముందు అది అదుపులోకి రావాలన్నారు. అది కొంచెం దిగేసరికి బరువు మళ్లీ ఎక్కింది. ఎద్దు ఇంకా తిరుగుతూనే ఉంది. అమ్మ ఇప్పుడు నాలుగు కాళ్ల వాకరు పట్టుకుని పెరట్లోకి పోతుంది. అది ఎవరి భుజమూ కాదు కదా అని నేనంటే, ఆమె నవ్వదు.

మామ పని మానేశాడు. దుకాణంలో ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటా ఉంది, ఎర్ర అంకెలు రైతుకూ కనబడతాయి, రాసేవాడికీ కనబడతాయి. రైతులకు అదే న్యాయం, నేను కాదనను. కాకపోతే ఆ రోజుల్లో అంకెకూ మనకూ మధ్య ఒక మనిషి ఉండేవాడు, అతడు మన ముఖం చూసి నోరు తెరిచేవాడు. ఇప్పుడు అంకె నేరుగా వచ్చి మొహాన పడుతుంది.

ఇది రాస్తుండగానే లోపలి నుంచి అమ్మ అడిగింది, ఇంట్లో ఉలవలున్నాయా, అవి తింటే ఈసారైనా తగ్గుతనా అని.

"రొట్టెకు బదులు తింటె తగ్గుతవమ్మా," అన్నాను.

"బదులెందుకురా? రొట్టెల నంజుకుంట."

వెనక్కి తిరిగి చూడకుండా సరేనన్నాను. డబ్బాలో అరకిలో ఉన్నాయి. ఉలవలను కనీసం ఎనిమిది గంటలు నానబెట్టాలి, లేకపోతే కుక్కర్ ఎన్నిసార్లు కూసినా ఉడకవు.