నాగా పడని పేరు

మా అమ్మాయి పోయింది. కుప్పంలో తను అద్దెకుండే గదిలో రాత్రి పడుకున్నది పొద్దున లేవలేదు. పక్క గదిలో ఉండే స్నేహితురాలు ఫోను చేసి, "ఆంటీ, మీరు బయల్దేరి రండి" అని మాత్రం అంది. జ్వరమేమో అనుకుని రాగిజావ కాచి ఫ్లాస్కులో పోసుకుని మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేదాకా ఆ ఫ్లాస్కు ఒళ్లోనే ఉంది. జావ ఎవరూ తాగలేదు.

చర్చిలో తన కోసం ప్రార్థన చేసిన మీ అందరికీ తెలుసు, చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం నా బిడ్డ గుండెను పట్టిందని. మూడు వారాలకోసారి మిషన్ ఆస్పత్రిలో సూది వేయించేదాన్ని. సూది వేసిన మరునాడు కాలు నొప్పితో బడికి పోలేకపోయేది. సాయంత్రం పక్కింటి పిల్ల వస్తే ముందు అడిగేది పాఠం గురించి కాదు. "టీచరు నా పేరు పిలిచినారా? అప్పుడు ఎవురన్నా ఏమన్నా అన్నారా?" అనేది. తన పేరు పిలిచాక ఎవరూ పలకని ఆ కాసేపును తలచుకుంటేనే ఓర్చుకోలేకపోయేది.

పెద్దదై కుప్పంలో పిహెచ్‌డికి చేరింది. నేను చదివింది అయిదో తరగతి. ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే, "తగ్గని జబ్బులుండేవాళ్లు పనికి పోలేకపోతే ఏమవుతాదో రాస్తాంది" అని చెప్పేదాన్ని. కీళ్లనొప్పులున్న మా ఎదురింటామె, "దానికింత సదువు యాలమ్మా? నన్నడిగితే నేను సెప్పనా?" అంది. మా అమ్మాయి కుర్చీ లాగి, "నిన్నే అడగల్లని ఉండా అత్తా, కూర్చో" అంది. ఆమె ఆ పూట ఇంటికి పోతే ఒట్టు.

పుంగనూరు దగ్గర టమోటాలు ఏరే షెడ్డు ఒకటుంది. కాయల్ని సైజు ప్రకారం క్రేట్లలో నింపే ఆడవాళ్లలో షుగరు, ఆయాసం, నడుంనొప్పి ఉన్నవాళ్లు చాలామంది. జబ్బు వల్ల ఎప్పుడెప్పుడు పని మానారని మా అమ్మాయి వాళ్లను అడిగేది. నాగా పెట్టలేదనే అందరూ చెప్పేవాళ్లు. షెడ్డుకు పోయిన రోజుల్లో మదనపల్లెలో నా దగ్గరికే వచ్చేది, వచ్చి దిగులుపడేది. "కాళ్లు వాసిపోయినామె కూడా నాగా లేదంటాది మా. నన్ను నమ్మలేదేమో."

ఒక పొద్దున తను షెడ్డులో ఉండగానే మేస్త్రీ పేర్లు పిలిచాడట. కాలికి పుండై మంచంలో ఉన్న ఒక పెద్దామె పేరు వచ్చింది. "ఆఁ" అని ఆమె కోడలు పలికి, పోయి ఆమె చోట్లో కూర్చుంది. మేస్త్రీ తలెత్తి చూశాడు, ఏమీ అనలేదు. అక్కడ అదే పద్ధతి. ఒంట్లో బాగలేని రోజు ఇంట్లోంచి ఇంకొకరు వచ్చి ఆ పేరుకు పలుకుతారు. పలక్కపోతే ఆ చోటు వేరేవాళ్లకు పోతుంది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు.

ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే ఇంట్లోకి వచ్చేసింది. "నేను అడిగిందే తప్పు మా. నీ పేరుకు ఎవురు పలికినారని అడగల్ల."

అలా అడిగాక అందరూ మాట్లాడారు. అత్త పేరుకు పలకడానికి కోడలు తన కూలి వదులుకుంది. అమ్మ పేరుకు పలకడానికి ఒక పిల్ల బడి మానేసింది. "నాగా యాడికీ పోలేదు మా, పక్కనోళ్ల మీద పడింది" అనేది మా అమ్మాయి. వంట చేస్తున్నప్పుడు ఇప్పటికీ ఆ మాట నాకు వినిపిస్తుంది.

తనకు ఆయాసం ఎక్కువైన ఒకరోజు, వాళ్లు ఎదురుచూస్తారని నన్ను షెడ్డుకు పంపింది. తను రావడం లేదని చెప్పి వచ్చేద్దామనుకున్నాను. కాలిపుండు మానిన ఆ పెద్దామె ఒక క్రేటు బోర్లించి, "కూతురి బదులు వచ్చినావు కదా, కూర్చో మే. అడిగేదేందో అడుగు" అంది.

"నాకేం తెలుసు? అన్నాలు తిన్నారా?" అన్నాను.

"ఈ సదువైతే నాకూ వచ్చునే" అని పక్కనామె అనేసరికి అందరూ నవ్వారు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి ఆయాసపడుతూనే నవ్వింది. "నీ ప్రశ్న కూడా చేరుస్తాలే మా" అంది.

మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. శనివారం సాయంత్రం బస్సు దిగగానే, "ఏమన్నా తేవాల్నా?" అని ఫోను చేసేది. ఇప్పటికీ శనివారం ఫోను పక్కన పెట్టుకునే చపాతీపిండి కలుపుతాను. ఒక్క మనిషికి ఎంత కలపాలో నా చేతికి ఇంకా రాలేదు.

పోయిన నెల కుప్పం నుంచి తన సారు పిలిపించారు. పరిశోధన చేసే పిల్లలు తాము రాసింది అందరి ముందూ చదివే రోజట. మా అమ్మాయి వంతు తీసేయకుండా ఉంచారు. తన బదులు ఆ పక్క గది స్నేహితురాలు చదువుతుందని నాకు ముందే చెప్పారు. ముందు వరసలో కూర్చోబెట్టారు. కొందరు చదివాక, సారు మైకులో మా అమ్మాయి పేరు పిలిచారు.

ఎవరూ పలకలేదు. స్నేహితురాలు కళ్లు తుడుచుకుంటూ కాగితాలు సర్దుకుంటోంది. ఆ కాసేపు నా వల్ల కాలేదు. లేచి, "ఆఁ" అన్నాను.

సారు తలెత్తి చూశారు, ఏమీ అనలేదు. ఆ పిల్ల వచ్చి చదవడం మొదలుపెట్టింది. చదివినంతసేపూ నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ చెప్పలేదు.