ఓడినవాడి ఓట్లు

ఇవాళ టీవీలో ఓట్ల లెక్కింపు వింటూ బీరువా సర్దుతుంటే మా మామ్మ వాడిన వాలుగ చేప దవడ చేతికి తగిలింది. మా పొందూరులో నూలు వడికే ముందు పత్తిని ఆ దవడ పళ్లతోనే దువ్వుతారు. మంచి పీచు చేతిలో నిలిచేది, నలుసులన్నీ కింద రాలేవి. రాలినదాన్ని ఊడ్చి పారెయ్యడం చిన్నప్పుడు నా పని.

అరవైల చివర్లో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. మామ్మ ఉతికిన చీర కట్టుకుని వెళ్లి ఓటేసి వచ్చింది. లెక్కింపు నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పంచాయతీ రేడియో ముందు పొద్దంతా కూర్చుంది. సాయంత్రానికి, తను ఓటేసిన మనిషి ఓడిపోయాడని తెలిసింది. వీధిలో టపాకాయలు పేలుతుంటే మామ్మ ఇంటికొచ్చి పత్తి ముందేసుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఓట్లు లెక్కపెట్టడమంటే పత్తి దువ్వడం లాంటిదేననుకున్నాను. గెలిచినవాడివి ఉంచుకుని, మిగతావి ఊడ్చేస్తారనుకున్నాను.

"మామ్మా, నీ ఓటు పారేసినారా?"

మామ్మ దువ్వడం ఆపింది.

"ఎందుకు పారేస్తారే? ఓడినోడివీ లెక్కెట్టినారు గదా. తనని ఒద్దన్నోలు ఇంతమంది ఉన్నారని ఆ గెలిసినోడికి తెలవొద్దేటి?"

మళ్లీ పత్తి అందుకుంది.

టీవీలో గెలిచినవాడి మెడలో దండలు పడుతున్నాయి. నా చూపు మాత్రం ఓడినవాడి పేరు పక్కనున్న అంకె మీదే ఆగిపోయింది. అందులో ఎవరి మామ్మో ఉండే ఉంటుంది, ఉతికిన చీర కట్టుకుని వెళ్లి ఓటేసి వచ్చిన మామ్మ.