అడిగి రాసిన పేర్లు

డెబ్బైల చివర్లో నేను విశాఖపట్నం హార్బరు దగ్గర ఒక మిలటరీ స్టోర్సు డిపోలో టైపిస్టుని. రేకుల షెడ్ల వరసలో చివరి గది మాది. కిటికీ తీస్తే ఖనిజం ధూళి, మూస్తే ఉక్క. సాయంత్రం ముఖం కడుక్కుంటే నీళ్ళు ఎర్రగా దిగేవి. పూర్ణా మార్కెట్ వెనక సందులో మా అన్నయ్యగారింట్లో ఉండేదాన్ని. మాది తగరపువలస అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి రావడం నాతోనే మొదలు.

ఒక వేసవిలో పైనుంచి ఒక కాగితం వచ్చింది. తుపానులూ వరదలూ వచ్చినప్పుడు సరుకులు ఎక్కించడానికి, దించడానికి, చేరవెయ్యడానికి జవాన్లలో ఇష్టపడి ముందుకొచ్చేవాళ్ళ జాబితా ప్రతి డిపోలోనూ సిద్ధంగా ఉండాలట. వాళ్ళ మామూలు డ్యూటీ వాళ్ళకు ఎలాగూ ఉంటుంది, ఇది దానిమీద అదనం. ఆ జాబితా తయారుచేసే మనిషికి కూడా ఇది అదనపు పనే. ఆ మనిషి నేనేనని మా ఆఫీసరు తేల్చేశాడు. ఎందుకని అడిగితే, ఆడపిల్ల అడిగితే మగాళ్ళు కాదనలేరని ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు. పక్కనున్న హెడ్ గుమస్తా కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ మాట మీద కోపమొచ్చింది గానీ పని మీద రాలేదు. తుపానంటే ఏమిటో నాకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి మా ఇంటి కప్పు లేచిపోతే, తడిసి మొలకలొచ్చిన ధాన్యం వేయించుకుని తిన్నాం. రోడ్డు తెగిపోయి మూడు రోజులు మనిషన్నవాడు మా ఊరు రాలేదు. అందుకని ఈ పని సరిగ్గా చెయ్యాలనుకున్నాను.

నెలన్నర తిరిగాను. భోజనాల వేళ మెస్సు దగ్గర, పరేడు అయ్యాక షెడ్ల నీడలో, ఒక్కొక్కరినే పక్కకి పిలిచి అడిగాను. లారీ నడపడం వచ్చా, ఈత వచ్చా, మూటలెత్తే ఓపిక ఉందా అని అడిగి రాసుకున్నాను. చాలామంది కాదన్నారు. పేరిస్తే సెలవు దొరకదని కొందరి భయం. స్టోర్సులో లెడ్జర్లు రాసే ఒక హవల్దారు తనకు ఆయాసముందని, బరువులెత్తితే పడిపోతానని చెప్పాడు. వద్దన్నవాళ్ళ పేర్లు ఎక్కడా రాయనని వాళ్ళకి మాటిచ్చాను. వస్తామన్నవాళ్ళకి ఇంకో మాటిచ్చాను, ఎవరికి ఏ పని చేతనవునో ఆ పనికే పిలుస్తారని. నా సొంతంగా ఇచ్చిన మాట కాదది. పైనుంచి వచ్చిన కాగితంలో నాలుగో పేరాలో అలాగే ఉంది. కాపీలు తియ్యడానికి దానికి స్టెన్సిల్ కొట్టింది నేనే కనక నాకు కంఠతా వచ్చు.

వస్తామన్నవాళ్ళలో మెస్సు వంటవాడొకడు. యారాడ జాలరి కుటుంబం వాడు. మొదటి రోజు మేడమ్ అన్నాడు, మాది తగరపువలస వైపని తెలిశాక, అక్కని పిలిచినట్టు అప్పా అనడం మొదలుపెట్టాడు. వాడి పేరు రాయబోతుంటే పెన్ను ఆపమన్నాడు.

"అప్పా, నానొస్తాను. నన్ను మళ్ళీ పొయ్యికాడే కూకోబెట్టీరు కదా?"

పడవ పనికని రాస్తున్నానని చెప్పాను.

"అలగైతే రాయి. కెరటంలోంచి పడవ ఒడ్డుకెలగెట్టాలో మా అయ్య నాకు సిన్నప్పుడే నేర్పినాడు. ఇక్కడికొచ్చి పప్పు కలుపుతన్నాను."

వాడి పేరు పక్కన "పడవ, అలల్లో ఒడ్డుకు పట్టగలడు" అని టైపు చేశాను. మొత్తం పదిహేడుమంది తేలారు. ఆఫీసరు ఆ రెండు కాగితాలూ చదవకుండానే సంతకం పెట్టాడు. ఇంత తక్కువమందేమిటని మాత్రం అడిగాడు.

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. గాలి తగ్గిన పొద్దుట నడుములోతు నీళ్ళు దాటి డిపోకి వెళ్ళాను. భీమిలి అవతల, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర జాలరి ఊళ్ళకు దారులు తెగిపోయాయని, బియ్యం, దుప్పట్లు, కిరసనాయిలు పంపాలని కబురొచ్చింది. నేను బీరువాలోంచి జాబితా తీసి ఆఫీసరు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని పక్కకి నెట్టి, నలభైమంది పేర్లు కావాలని హెడ్ గుమస్తాకి చెప్పాడు. హెడ్ గుమస్తా హాజరు పట్టీ తెరిచి పైనుంచి కిందికి చదువుకుపోయాడు, నేను టైపు చేశాను. ఆయాసం హవల్దారు పేరు వచ్చినప్పుడు నా చేతులు ఆగాయి. ఈయన వద్దన్నాడండీ అని చెప్పాను. పేర్లు లెక్కకి సరిపోవాలి కదమ్మా, కొట్టు అన్నాడాయన. కొట్టాను. ఆ పని చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

వంటవాడి పేరు ఆ నలభైలో లేదు. తుపాను నష్టం చూడడానికి పెద్దవాళ్ళు వస్తున్నారని వాణ్ణి గెస్ట్ హౌస్‌కి పంపారు. ఆ రెండు రోజులూ వాడు టీలు కాచి, ఉల్లిపాయ పకోడీలు వేశాడు.

లారీల్లో వెళ్ళినవాళ్ళ సంగతి ఒక డ్రైవరు తిరిగొచ్చాక చెప్పాడు. తార్పాలిన్ ఎలా కట్టాలో తెలిసినవాడు ఒక్కడూ లేక, తగరపువలస చేరేసరికే పై వరస బస్తాలు తడిసిపోయాయట. భీమిలిలో ఒక పడవ దొరికితే అందులో సరుకు ఎక్కించి, చేతికందిన నలుగురిని ఎక్కమన్నారు. ఆ నలుగురిలో ముగ్గురు సముద్రంలో పడవెక్కడం అదే మొదలు. అలలు విరిగేచోటు దాకా రెండుసార్లు వెళ్ళి, పడవ తిరగబడబోతే వెనక్కి వచ్చేశారు. ఒడ్డున ఆ ఊరి ఆడవాళ్ళు నిలబడి చూస్తూనే ఉన్నారట. బియ్యం మూడో రోజున, నీళ్ళు తీశాక, మనుషుల నెత్తిమీద వెళ్ళింది. హవల్దారు రెండో బస్తా ఎత్తుతూనే కూలబడ్డాడు. ఆస్పత్రిలో వారం ఉన్నాడు.

ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. నన్ను తిట్టలేదు. గోడవైపు తిరిగి, నువ్వు రాయనన్నావు కదమ్మా అన్నాడు.

వంటవాడు తనంతట తనే మా గది గుమ్మం దగ్గరకొచ్చాడు. లోపలికి రాలేదు.

"అప్పా, ఆ రోజు నా పేరు నిజంగా రాసినావా, రాసినట్టు సూపించినావా?"

కార్బన్ కాపీ తీసి చూపించాను. వాడికి చదవడం రాదు. నా వేలు పెట్టిన చోట కాసేపు చూసి, సరేనప్పా అని వెళ్ళిపోయాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. నాకు వచ్చిన కోపమంతా అక్కడ వచ్చింది. వాడు నన్ను దొంగమాటలదానిగా అనుకునే పరిస్థితి తెచ్చింది నేను కాదు. కానీ అడిగింది నా నోరు, రాసింది నా చెయ్యి. ఆఫీసరు దగ్గరకు వెళ్ళి ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

పది రోజులకి, లారీల్లో వెళ్ళినవాళ్ళకి మెప్పు ఉత్తరాలు టైపు చెయ్యమన్నారు. "స్వచ్ఛందంగా ముందుకు వచ్చి" అని చిత్తుప్రతిలో ఉంది. ఆ మాటలు వదిలేసి మిగతాదంతా టైపు చేశాను. ఆఫీసరు పెన్సిలుతో చేర్చి వెనక్కి పంపాడు. మళ్ళీ వదిలేసి కొట్టాను. పిలిచాడు. వాళ్ళెవరూ ముందుకు రాలేదని, వచ్చినవాళ్ళని మీరు పిలవలేదని చెప్పాను.

"నేను పంపినవాళ్ళంతా వలంటీర్లే," అన్నాడు. "నువ్వు టైపు చేస్తే చాలు."

బయటికొచ్చాక హెడ్ గుమస్తా నీళ్ళ గ్లాసు ఇచ్చి, ఒక్కమాట కోసం ఏటమ్మా నీకీ గొడవ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా అడక్కుండా కొట్టుకొచ్చినవాడు, అంతే. ఆ ఉత్తరాలు ఆయనే టైపు చేశాడు. నన్ను పాత రికార్డుల షెడ్డుకి మార్చారు. సంక్రాంతి ముందరే వంటవాడికి ఉత్తరాదికి బదిలీ అయింది. వెళ్ళేముందు చెప్పి వెళ్ళలేదు.

రెండేళ్ళ తరవాత కొత్త ఆఫీసరొచ్చాడు. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. ఇదివరకు మీరు చాలా శ్రద్ధగా చేశారని విన్నాను, మళ్ళీ జాబితా తయారుచెయ్యాలి అన్నాడు. చేస్తానన్నాను. అయితే అవసరమొచ్చినప్పుడు అందులో ఉన్నవాళ్ళనే పిలుస్తామని, లేనివాళ్ళని పిలవబోమని ఒక కాగితం రాసివ్వమన్నాను. అది చూపించి అడుగుతానని చెప్పాను. నోటిమాట చాలదా అని నవ్వుతూ అడిగాడు. చాలదన్నాను. అలాంటివి రాసిచ్చే పద్ధతి లేదన్నాడు. కాగితం లేకుండా అడిగే పద్ధతి నాకూ లేదండి అని లేచాను.

ఆ పని ఇంకో గుమస్తాకి ఇచ్చారు. అతను గది దాటి బయటికి వెళ్ళలేదు. హాజరు పట్టీ ముందర పెట్టుకుని మధ్యాహ్నం టీ వేళకి పూర్తిచేసేశాడు. ఎనభై ఆరు పేర్లు. బాగా పనిచేశాడని అందరూ అన్నారు.