పెద్దసారు ముట్టిన గిటార్

ఫలానా మహానుభావుడు వాయించాడని ఒక పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను లక్షలు పోసి కొన్నారని ఎవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన పక్కన పెట్టాక మిగిలేది ఏంటయ్యా? ఓ చెక్క, ఆరు తీగలు! దానికి దండం పెట్టే సన్నాసులను నేను దగ్గర నుంచి చూశాను.

తొంభైల మొదట్లో సూర్యాపేటలో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాణ్ని. పెళ్లిళ్లు, వినాయకుడి పందిళ్లు, ఎలక్షన్ మీటింగులు, ఏది దొరికితే అది. హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎర్ర గిటార్ నాది. అప్పటికే తొమ్మిదేళ్లుగా దాని మీద నా వేళ్లు కాయలు కాశాయి. బాగా వాయించావని ఒక్కడూ అన్న పాపాన పోలేదు. "జర సౌండ్ తగ్గియ్యరాదే, భోజనాల బంతి లేస్తున్నది" అనేవాళ్లు.

ఒక వినాయక చవితికి కోదాడలో మా ప్రోగ్రాం. సినిమా పాటలకు గిటార్ వాయించే మద్రాసు పెద్దాయనను అతిథిగా పిలిచారు. ఆయన హైదరాబాద్ నుంచి కారులో వచ్చేశాడు గానీ, ఆయన గిటార్ ఉన్న వ్యాను మునగాల దగ్గర చెడిపోయింది. కమిటీ ఆయన వచ్చి, "కాసేపే కదండీ, మీకేం పోద్ది?" అంటూ నా చేతిలోది లాక్కున్నాడు. పెద్దాయన ఒక్క పాట వాయించి, దాన్ని కుర్చీలో పడేసి, చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. ఏదో అంటుకున్నట్టు!

నెల తిరగకముందే మిర్యాలగూడ నుంచి ఒక రైస్‌మిల్లు సేటు జీపేసుకుని మా ఇంటికొచ్చాడు. సంగీతమంటే ఓనమాలు తెలియని మనిషి.

"పెద్దసారు ముట్టిన గిటార్ గిదేనా? ఎంతకిస్తవ్?"

ఇవ్వనన్నాను. ధర పెంచుకుంటూ పోయి, సాగర్ కాలువ కింద ఎకరం మడి వచ్చేంత చెప్పాడు. లోపలి నుంచి నా భార్య, "గీ రేకుల కింద ఇంకెన్నేండ్లు ఉడకాలె? సప్పుడు చెయ్యక ఇచ్చెయ్" అంది. ఇచ్చేశాను. మా ఇంటికి స్లాబు పడింది, ఓ కొత్త గిటార్ కూడా వచ్చింది. నా తొమ్మిదేళ్లకు చిల్లిగవ్వ లేదు, ఆయన నాలుగు నిమిషాలకు ఎకరం పొలం. థూ!

రెండేళ్ల తర్వాత దసరాకు అదే మిల్లులో ఆయుధ పూజకు మమ్మల్ని పిలిచారు. యంత్రాలకు, కాటాకు, జీపుకు బొట్లు పెట్టి, వాటి వరసలోనే గిటార్‌కూ పసుపూ కుంకుమా పూశారు. గాజు బీరువాలో నిలబెట్టి బంతిపూల దండ వేశారు. సేటు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు దాని మీద భక్తిగా చల్లాడు. కరెంటుతో మోగే వస్తువు మీద నీళ్లేంటిరా నాయనా!

దగ్గరికెళ్లి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. తీగల కింది పొడుగాటి మెడ వంగిపోయి, తీగలు చెక్క మీద నుంచి వేలు మందం పైకి లేచాయి. వాయించని గిటార్‌కు తీగలు వదులు చేసి పెట్టాలి. లేకపోతే ఆ బిగువుకు మెడ వంగుతూ వంగుతూ ఒకరోజు పోతుంది. బొట్లు పెట్టే తొందరలో ఇంత చిన్న సంగతి ఎవరికి కావాలి?

"సేటూ, జర తీగలు వదులు చేస్త. గిట్లనే ఉంటె ఇరుగుతది" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముట్టకు! పెద్దసారు సొంతంగ శృతి చేసిన తీగలవి. గందుకే గన్ని పైసలు పెట్టిన."

ఆ తీగలు పెద్దసారువి కావు. కోదాడలో ఆయన రెండు తెంపాడు. మర్నాడు పొద్దున మా అరుగు మీద కూర్చుని ఆరూ మార్చింది నేను, శృతి చేసిందీ నేనే. ఆ ఒక్క ముక్క చెబితే గిటార్ బతుకుతుంది. కానీ చెప్పిన మరుక్షణం సేటు తన డబ్బు తనకిమ్మంటాడు. నెత్తి మీది స్లాబు ఊడబీకి ఇవ్వనా?

"నిజమే సేటూ, పెద్దసారు చెయ్యి పడ్డది, ఎవ్వర్నీ ముట్టనియ్యకు" అన్నాను. సంబరపడిపోయి నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టాడు. సిగ్గులేకుండా తిన్నాను.

ఆ చలికాలంలో దాని మెడ విరిగిందని మిల్లు హమాలీ ఒకాయన బస్టాండులో కనిపించి చెప్పాడు. సేటునూ పెద్దాయననూ ఈనాటికీ తిడుతూనే ఉన్నాను. దాన్ని విరగనిచ్చింది మాత్రం నేనే.