గీత మీద పడుకున్న ఆవు

ఐర్లండ్ ఉత్తర సరిహద్దు పక్కనున్న డండాల్క్ ఊళ్ళో డొనాల్ మకార్డల్ నోరు తెరవగా చూడనివాళ్ళు లేరు, మూయగా చూసినవాళ్ళూ లేరు. పద్నాలుగో ఏట బడి మానేశాడు. "నేను వాళ్ళకి నేర్పాల్సింది అయిపోయింది, అందుకే వచ్చేశా" అంటాడు. అద్దె కారు నడుపుతాడు. ఎక్కినవాడు దిగేలోపు ఒక్క కోతైనా నమ్మకపోతే ఆ పూట అతనికి తిన్నది అరగదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే ప్రయాణికులంటే ప్రాణం.

అలాంటివాడికి కోర్వేన్ కంపెనీ పని దొరికిందంటే నమ్మశక్యం కాదు గానీ, దొరికింది. అమెరికాలోని ఆ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి డబ్లిన్‌లో ఒక పిల్ల కంపెనీ ఉంది. దాని డైరెక్టర్లు ముగ్గురూ మూడు దేశాలవాళ్ళు. అప్పుడప్పుడూ విమానంలో వచ్చి, బల్ల చుట్టూ కూర్చుని, తలలూపి వెళ్ళిపోతారు. వాళ్ళని తీసుకురావడం, తిరిగి దింపడం డొనాల్ పని. అతని సంపాదనలో ముప్పాతిక వంతు అదే.

"తలలూపడానికి ఇంత దూరం రావాలా తల్లీ?" అని ఒకసారి కంపెనీ సెక్రటరీ ఓర్లా హేన్రటిని అడిగాడు.

"కంపెనీ తల ఎక్కడ ఊగితే పన్ను అక్కడ కట్టాలి, డొనాల్. ఇక్కడ పన్ను తక్కువ. అందుకని వచ్చి ఇక్కడే ఊపుతారు."

"మా తాత ఆవు సంగతీ ఇంతే" అన్నాడు డొనాల్. ఓర్లా అప్పటికే పారిపోయింది.

ఆ వసంతంలో డైరెక్టర్ల అధ్యక్షురాలు డెలింజర్ మేడమ్ ఒక ఫిర్యాదు చేసింది. ఆవిడ స్విట్జర్లాండ్ మనిషి, మాటలను చిల్లర లెక్కపెట్టినట్టు వాడుతుంది. డ్రైవర్ వాగుడువల్ల దారి పొడవునా ఒక్క పేజీ చదవలేకపోయిందట. ఇంకో ఫిర్యాదొస్తే వేరే కారు చూసుకోక తప్పదని ఓర్లా చెప్పేసింది. డొనాల్ అప్పటినుంచి ఆవిడ ఎక్కితే పెదాలు కుట్టుకుని నడిపేవాడు. ఇంటికొచ్చాక భార్య మీద ఆ బాకీ అంతా తీర్చుకునేవాడు.

నవంబరులో ఒక పొద్దున ఓర్లా ఫోన్ చేసింది.

"వినండి డొనాల్. పొగమంచుకి విమానం డబ్లిన్‌లో దిగలేదు. సరిహద్దుకి అవతల, బ్రిటన్ వాళ్ళ ఉత్తరంలో ఉన్న బెల్‌ఫాస్ట్ తీసుకుపోయారు. ముగ్గురూ అక్కడున్నారు. డండాల్క్ హోటల్లో గది తీసుకున్నా, నేనూ అక్కడికే బయల్దేరా. మీరెళ్ళి తీసుకురండి."

"ఓస్, అంతేనా."

"అంతే అయితే నాకీ గుండెదడ ఎందుకు? ఫిన్లాండ్ కంపెనీని కొనాలా వద్దా అన్నది ఇవాళే తేలాలి. పన్నెండు దాటితే వాళ్ళు ఇంకొకరికి అమ్మేస్తారు. మూడు వందల కోట్ల యూరోల బేరం. వీళ్ళకి తొందరెక్కువ, కార్లోనే మాట్లాడేసుకుని సరే అనేస్తారు. అది సరిహద్దుకి అవతల అన్నారంటే, తల మా నేల మీదే ఊగిందని లండన్ పన్నులవాళ్ళు పట్టుకుంటారు. కొన్న దానిమీద ఇకముందొచ్చే లాభమంతా మా ఖాతాలోదే అంటారు. కాదని తేల్చుకోవడానికి మన లాయర్లకి పదేళ్ళు పడుతుంది."

"ఆ ముక్క వాళ్ళకే చెప్పొచ్చుగా."

"చెప్పా. మేడమ్ ‘తెలుసు’ అన్నారు. తెలిసినవాళ్ళతోనే నా బాధ. మీరు వాళ్ళని మాట్లాడనివ్వకండి."

"నన్ను మాట్లాడొద్దన్నది నువ్వే."

ఓర్లా గొంతు తగ్గించింది. "ఆ మాటా మారలేదు డొనాల్. ఫిర్యాదొస్తే నేనేం చెయ్యలేను."

మాట్లాడితే పని పోతుంది. మాట్లాడకపోతే వాళ్ళు మాట్లాడతారు, అప్పుడూ పోతుంది. డొనాల్ కారు తీశాడు.

బెల్‌ఫాస్ట్‌లో ముగ్గురూ వెనక ఎక్కారు. డెలింజర్ మేడమ్ మధ్యలో. ఒక పక్క ప్రిచార్డ్ అనే ఇంగ్లీషు మనిషి, చేతిలో ఫోన్, మోకాలు ఊపుతూ ఉన్నాడు. ఇంకో పక్క హాల్‌స్ట్రోమ్ అనే స్వీడన్ ముసలాయన. ఎక్కీ ఎక్కగానే నిద్రపోయాడు.

లిస్‌బర్న్ దాటారో లేదో ప్రిచార్డ్ మొదలుపెట్టాడు. "ఈ ధర విషయం నాకైతే..."

"మా తాతకి ఒక ఆవుండేది" అన్నాడు డొనాల్.

అద్దంలో డెలింజర్ మేడమ్ కళ్ళు కనిపించాయి. డొనాల్ రోడ్డు వైపే చూస్తూ సాగించాడు.

"మా తాత కొట్టం సరిగ్గా సరిహద్దు మీద ఉండేది మేడమ్. ఆవు మేత ఉత్తరంలో తినేది, పాలు దక్షిణంలో ఇచ్చేది. ఉత్తరం సుంకం ఆఫీసరొచ్చి, తల ఎక్కడుంటే ఆవు అక్కడిదే, సుంకం కట్టమన్నాడు. దక్షిణం ఆఫీసరొచ్చి, పాలు ఎక్కడ పడితే అక్కడిదే, మాకు కట్టమన్నాడు. తాతేం చేశాడు, గాటకి చక్రాలు బిగించాడు. వీడొస్తే ఆవుని ఇటు తిప్పడం, వాడొస్తే అటు తిప్పడం. తిరిగి తిరిగి దాని పాలు కవ్వం పెట్టకుండానే వెన్నయిపోయేవి."

హాల్‌స్ట్రోమ్ నిద్రలోనే నవ్వాడు. ప్రిచార్డ్ గడియారం చూసుకున్నాడు. "మేడమ్, టైం దగ్గరపడుతోంది. ఇంతకంటే..."

"ఒకరోజు ఆఫీసర్లిద్దరూ ఒకేసారి వచ్చారు" అన్నాడు డొనాల్ గొంతు పెంచి.

డెలింజర్ మేడమ్ పెదాలు బిగించింది. ఇష్టం లేకుండానే అడిగింది. "వస్తే?"

"అదే చెప్తున్నా. ఆవు అటు చూసింది, ఇటు చూసింది..."

ఆవు అలా బాన్‌బ్రిడ్జ్ నుంచి న్యూరీ దాకా అటూ ఇటూ చూస్తూనే ఉంది. న్యూరీ దాటాక పెద్ద రోడ్డు మీద ఒక లారీ బోల్తా పడి ఉంది. పోలీసు మనిషి పొగమంచులోంచి చెయ్యి ఊపి కారుని జోన్స్‌బరో సందు దారికి మళ్ళించాడు.

"ఈ దారి తెలుసా నీకు?" అన్నాడు ప్రిచార్డ్.

"కళ్ళు మూసుకుని నడుపుతా. ఇక్కడ సరిహద్దుకి బోర్డూ ఉండదు, గేటూ ఉండదు. ఉత్తరం తారు వేరు, మన తారు వేరు. టైరు చప్పుడే చెప్తుంది."

పొగమంచు కారు అద్దాలకి సున్నం కొట్టినట్టు అంటుకుంది. ఫోన్లో సిగ్నల్ పోయింది, మ్యాపు బూడిదరంగు తిరిగింది. గోడలు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. కాసేపటికి టైర్ల కింద చప్పుడు మారింది, గరగర పోయి సన్నగా ఈల వేసినట్టయింది.

"దాటేశాం మేడమ్" అన్నాడు డొనాల్, వీపు మీంచి బస్తా దింపినట్టు. "ఇక మీ ఇష్టం."

"సంతోషం" అంది డెలింజర్ మేడమ్. "ఇక మీరు మాట్లాడొద్దు. విషయం అందరికీ తెలుసు. ఫిన్లాండ్ కంపెనీని ఆ ధరకి కొనడం. ప్రిచార్డ్?"

"సరే."

"హాల్‌స్ట్రోమ్?"

ముసలాయన కళ్ళు తెరిచాడు. "సరే."

అప్పుడు కనిపించింది డొనాల్‌కి, ఎడమ పక్క గోడలో, ఒక్క క్షణం. ఎర్ర తపాలా డబ్బా.

సరిహద్దుకి ఇవతల, ఐర్లండ్‌లో, తపాలా డబ్బా ఒక్కటీ ఎర్రది లేదు. అన్నీ ఆకుపచ్చవే. అంటే ఇందాక మారింది దేశం కాదు. ఎవరో కాంట్రాక్టరు గుంతల మీద కొత్త తారు పోశాడు, అంతే.

చూసింది అతనొక్కడే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఫిర్యాదూ ఉండదు. నోరు మూసుకోమని ఆవిడే చెప్పింది కూడా. కానీ ఆ పొగమంచులో ఎవరి గోడకి ఏ కెమెరా ఉందో, రేపు ఏ ఫోన్ ఎక్కడుందని ఎవడు తవ్వితీస్తాడో. హోటల్లో ఓర్లా గడియారం వంక చూస్తూ కూర్చుని ఉంటుంది.

"ఇక నా వంతు" అంది డెలింజర్ మేడమ్. "నేను..."

"మేడమ్, నోరు మూయండి" అన్నాడు డొనాల్, బ్రేకు గట్టిగా తొక్కి.

కారు ఆగిపోయింది.

"పొరపాటు పడ్డాను. మనమింకా అవతలే ఉన్నాం. ఇప్పుడే ఎర్ర డబ్బా చూశా."

ప్రిచార్డ్ ముందుకి వంగాడు. "ఇది మీ తాత డబ్బానా? దీనికీ చక్రాలున్నాయా?"

డొనాల్‌కి నలభై ఏళ్ళుగా కోసిన కోతలన్నీ వచ్చి కారు చుట్టూ నిలబడ్డట్టయింది. కారుని మెల్లగా వెనక్కి నడిపాడు. గోడ అంచు తలుపుకి గీసుకుంది. డబ్బా పక్కన ఆపాడు.

డెలింజర్ మేడమ్ దిగింది. చేతి తొడుగు తీసి ఆ ఎర్ర ఇనుము మీద చెయ్యి పెట్టింది. కిరీటం, దాని కింద ఇంగ్లండ్ రాజుగారి పేరు పొడి అక్షరాలు వేళ్ళతో తడిమింది. వచ్చి కూర్చుంది. "నడపండి" అంది.

ఈసారి డొనాల్ ఏమీ చెప్పలేదు. టైరు చప్పుడు మారింది, మళ్ళీ మారింది. ప్రిచార్డ్ గడియారం చూసుకోవడం మానేశాడు, చూస్తే భయమేసినట్టు. మిట్ట ఎక్కాక గోడలో ఇంకో డబ్బా కనిపించింది. పచ్చది. కారాపి, దిగి, ఆవిడకి తలుపు తీశాడు.

ఆవిడ దాన్నీ తడిమింది. చెయ్యి టక్కున ఆగిపోయింది.

"ఇక్కడా కిరీటమే. అవే అక్షరాలు."

"చూశారా?" అన్నాడు ప్రిచార్డ్ కార్లోంచి. "మళ్ళీ అవతలే. వీడు మనల్ని గుండ్రంగా తిప్పుతున్నాడు. మిగిలిన కాస్త టైమూ పోతోంది."

"ఇంగ్లండ్ రాజు పాలన ఇక్కణ్ణించి పోయాక డబ్బాలు మార్చలేదు మేడమ్" అన్నాడు డొనాల్. "రంగేశారు. ఇనుము వాళ్ళది, రంగు మాది."

డెలింజర్ మేడమ్ అతని ముఖంలోకి చూసింది. పొగమంచు ఇద్దరి మధ్యా కదిలింది.

"ఇది కూడా ఆవేనా?"

"ఆవైతే ఇంత పొట్టిగా చెప్పను మేడమ్."

ఆవిడ ఇంకో క్షణం చూసింది. తర్వాత ఫోన్ పైకెత్తింది. మిట్ట మీద సిగ్నల్ సన్నగా వచ్చింది. ఓర్లా గొంతు పలికింది.

"మొదటినుంచి మళ్ళీ" అంది డెలింజర్ మేడమ్. "అందరూ దిగండి."

ముగ్గురూ తడి గడ్డిలో నిలబడ్డారు. ప్రిచార్డ్ సరే అన్నాడు. హాల్‌స్ట్రోమ్ సరే అన్నాడు, ఈసారి మెలకువలోనే. డెలింజర్ మేడమ్ సరే అంది, తల కూడా ఊపింది.

"అందింది, ఫిన్లాండ్‌కి ఇప్పుడే చెప్తున్నా" అంది ఓర్లా, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. "సమావేశం జరిగిన చోటు ఏమని రాయను?"

"పచ్చ డబ్బా పక్కన అని రాయి తల్లీ" అన్నాడు డొనాల్.

హోటల్ ముందు ఓర్లా ఎదురొచ్చింది. డెలింజర్ మేడమ్ కారు దిగుతూనే అంది. "మీ డ్రైవర్ నన్ను నోరు మూయమన్నాడు."

ఓర్లా ముఖం పాలిపోయింది. డొనాల్ టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"దారంతా వాగాడు కూడా" అంది ఆవిడ. "ఆఫీసర్లిద్దరూ వచ్చారు, ఆవు అటూ ఇటూ చూసింది. తర్వాతేమైందో చెప్పలేదు."

"గీత మీద అడ్డంగా పడుకుంది మేడమ్" అన్నాడు డొనాల్.

"పడుకుంటే? ఎవరిదని తేల్చారు?"

డొనాల్ నోరు తెరిచాడు. ఆ సంగతి అప్పటిదాకా అతనూ ఆలోచించలేదు. "పెద్ద కథ అది మేడమ్."

"అయితే వచ్చేసారి" అంది డెలింజర్ మేడమ్. ఓర్లా వైపు తిరిగి, "అది తేలేదాకా ఇంకో కారు పంపకండి" అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

డొనాల్ ఇప్పటికీ వాళ్ళని తీసుకొస్తూనే ఉన్నాడు. ఆవు ఇప్పటికీ లేవలేదు.