శెట్టెమ్మ బట్టల గదిలో నీలి డ్రమ్ము

ఆ రోజుల్లో నా లెక్కలో బట్టలు ఉతకడానికి కావలసినవి మూడే. ఒక బండ, ఒక సబ్బు ముక్క, రెండు చేతులు. (మరి నీళ్లో అంటారేమో. మా నల్లమాడ పక్క నీళ్లుంటే ఉతుకుతాం, లేకపోతే దులిపి తొడుక్కుంటాం. అందుకే నీళ్లను లెక్కలో వేసుకోలేదు.) ఐదో తరగతితో బడి మానేశాను, ఇంత పొడుగ్గా ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే మన్నించండి. కానీ ఒక ఇంటి బట్టల గదిలో నేను చేసిన ఘనకార్యాన్ని, ఆ ఇంటివాళ్లు నన్ను భరించిన తీరును ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు మనసు ఆగడం లేదు.

ఆ ఏడు మా చేలో శెనక్కాయ చెట్లకు ఆకులే గానీ కాయల్లేవు. బోరులో గాలి తప్ప ఏమీ రావడం లేదు. నాయన బెంగళూరులో బిల్డింగు పనికి పోదామని మూట కట్టుకున్నాడు. అంతకుముందు ఏడాది నేనూ ఆయనతో పోయి, రేకుల షెడ్డులో పడుకుని, ఇసుక మోసి వచ్చినదాన్నే. మళ్లీ పొమ్మంటే నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు పుట్టపర్తిలో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పాచిపని చేసే మా పెద్దమ్మ కబురు పంపింది. "మా శెట్టెమ్మ బట్టలుతికేకి మనిషిని ఎతుకుతాంది, పిల్లను పంపీ" అని. పోయాను. శెట్టెమ్మ నన్ను పైకీ కిందికీ చూసి, "నెల దినాలు చూస్తా పాపా. మా ఇంట్లో తెల్లబట్టలు శానా. అవి తెల్లగా ఉంటే నువ్వు ఈడే ఉండు. లేదంటే నేనేం చేసేకి లేదు, మీ నాయనతో బెంగళూరికి పోవాల్సిందే" అంది. నాకు అప్పుడు ఇరవై కూడా నిండలేదు. ఆ నెల నాకు పరీక్ష నెల అయిపోయింది.

శెట్టెమ్మ నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయి ఒక గది తలుపు తీసింది. పూజగది అనుకుని చెప్పులు బయటే విడిచాను. అది బట్టల గది. ఫోనులో ఎవరి ఇల్లో చూసి, అచ్చం అట్లాగే కట్టించుకుందట. కింద మూడు బుట్టలు, తెల్లవాటికి ఒకటి, రంగువాటికి ఒకటి, వంటింటి మసిగుడ్డలకు ఒకటి. గోడకు రెండు అరలు. అరల్లో సబ్బుపొడి డబ్బా, అందులోనే కొలతకు చెంచా, పక్కన చాకలి సోడా, నీలిమందు సీసా, గంజిపొడి, కాలర్లు రుద్దే చిన్న బ్రష్షు. మేకుకు వేలాడే సంచి నిండా క్లిప్పులు. తలుపు పక్కన ఇస్త్రీ బల్ల, దాని మీద నీళ్లు చిమ్మే సీసా. ఒక చిన్న డబ్బాలో సూది, దారం, రకరకాల గుండీలు. జేబుల్లో దొరికినవి వేయడానికి ఒక స్టీలు గిన్నె కూడా పెట్టింది. (మొదటి వారంలోనే అందులో శెట్టిగారి పళ్లుకుట్టే పుల్లలు గుప్పెడు చేరాయి.) మూలన తెల్లటి వాషింగ్ మిషను. అన్నీ చూసి నేను అడిగిన మొదటి మాట ఇది: "బండ యాడుండాదమ్మా?"

శెట్టెమ్మ పడీ పడీ నవ్వింది. "బండ లేదు మే. ఇదే బండ, ఇదే నువ్వు" అని మిషను మీద తట్టింది. తర్వాత ఓపికగా అన్నీ నేర్పింది. ఏ బుట్టలో ఏమి వేయాలి, పొడి ఎంత, గంజి ఎంత పలచగా కలపాలి అని. డబ్బాల మీద పేర్లు నా చేతనే రాయించింది. 'గంజిపొడి' అని రాయడానికి నాకు పావుగంట పట్టింది, అయినా పక్కనే నిలబడింది. నీలిమందు గురించి మాత్రం వేలు చూపించి మరీ చెప్పింది. "బకెట్టు నీళ్లకి నాలుగే సుక్కలు. ముంచాల, పిండాల, ఆరేయాల. అంతే." నేను బుద్ధిగా తలూపాను. ఆ నాలుగు చుక్కల్ని నెలంతా ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నా తరఫున చెప్పుకోవడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. ఆ వీధికి నీళ్లు ట్యాంకరుతో వస్తాయి. మిషను చూస్తే బిందెలు బిందెలు తాగి, అంతా తీసుకుపోయి మోరీలో కక్కేది. మొదటిరోజు ఆ శబ్దం వినలేక మోరీ దగ్గరికి పోయి బకెట్టు అడ్డం పెట్టాను. నల్లమాడలో అయితే బియ్యం కడిగిన నీళ్లు కొట్టంలోని ఎనుముకు, బట్టల నీళ్లు వాకిట్లోకి, స్నానం నీళ్లు మునగచెట్టుకు. ఊరికే పోయే నీళ్లంటూ మా ఇంట్లో నేను చూడలేదు. అందుకని మిషను పైపు తిప్పి, మురికినీళ్లు చెట్లకు పోయేటట్టు కాలువ చేశాను. శెట్టెమ్మ మెచ్చుకుంది. ఆ మెప్పుతో నా తల కొంచెం తిరిగింది. నీలిమందు కలిపిన నీళ్లు కూడా పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. ముంచి తీసిన తర్వాత కూడా అవి మురికిగా లేవు, వాసన లేదు, చక్కగా ఉన్నాయి. మూలన ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంది. అందులో పోసి మూత పెట్టాను. మరుసటి రోజు ఆ నీళ్లే బకెట్లో ముంచుకుని, శెట్టెమ్మ చెప్పినట్టు నాలుగు చుక్కలు వేశాను. పని అయ్యాక మళ్లీ డ్రమ్ములో పోశాను. మూడో రోజు మళ్లీ నాలుగు చుక్కలు. నాలుగో రోజు మళ్లీ నాలుగు. నీళ్లు తగ్గితే ఒక చెంబు కలిపేదాన్ని, అంతే. లోపల నీళ్లు ఎట్లా ఉన్నాయో చూడలేదా అని మీరు అడగవచ్చు. రోజూ చూశాను. కానీ ఆ డ్రమ్ము కూడా నీలిరంగుదే. అందులో పాలు పోసినా నీలంగానే కనపడేవి.

ఇట్లా మూడు వారాలు పైన గడిచింది. దుప్పట్లు, తలగడ గలీబులు, తువ్వాళ్లు, శెట్టిగారి పంచెలు, చొక్కాలు, వాళ్ల కొడుకు బనియన్లు, అన్నీ కలిసి ఒక్కో అడుగుగా నీలంలోకి నడిచాయి. అన్నీ కలిసే నడిచాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. నా మోచేతుల దాకా నీలం ఎక్కితే కొత్త గాజుల రంగు వదులుతోందనుకున్నాను. శెట్టిగారు పంచెల వ్యాపారం చేసే మనిషి, ఆయనకే తెలియలేదు. అంగట్లో ఎవరో, "అన్నా, నువ్వు కట్టుకున్న రంగు పంచె ఉంటే ఒకటి చూపీ" అని అడిగితే, "ఇది రంగు కాదప్పా, తెలుపే" అని, ఆ మనిషి కళ్లకు ఏదో దోషం ఉందని ఇంటికొచ్చి జాలిపడ్డాడు.

నెల ముగియడానికి రెండు రోజులు ఉందనగా ఇంట్లో వ్రతం పెట్టుకున్నారు. ముందు రోజు పొద్దున్నే శెట్టిగారి అక్క, మొగుడితో సహా గుత్తి నుంచి దిగింది. శెట్టెమ్మ ఆమెను వదినా అంటుంది, నేను మనసులో గుత్తి వదినమ్మ అనుకునేదాన్ని. ఆమె కంటికి దుమ్ము కూడా భయపడుతుంది. కాఫీలు తాగాక కొడుకు అందరినీ వసారాలో నిలబెట్టి ఫోటో తీశాడు. శెట్టిగారు, పక్కన బావగారు, ఇద్దరూ తెల్ల పంచె, తెల్ల చొక్కా. కొడుకు ఫోను చూసుకుని, "కెమెరా పోయినట్లుండాది" అన్నాడు. అద్దం తుడిచి మళ్లీ తీశాడు. మళ్లీ అదే. "మామ తెల్లగానే పడినాడు, నాయన మాత్రం నీలంగా పడతాండాడు."

గుత్తి వదినమ్మ ఫోను లాక్కుని చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది. తర్వాత కిటికీ తెరలు, మంచం మీది దుప్పటి, తీగ మీద ఆరే తువ్వాళ్లు, అన్నింటినీ చూసింది.

"కెమెరా కాదురా పోయింది! మీ ఇల్లంతా నీలిరంగు ఎక్కింది! ఏమప్పా తమ్ముడూ, పంచెలమ్మి బతికేటోనివి, తెలుపేదో నీలమేదో తెలీదా నీకి?"

"తెలుపే గదక్కా ఇది?" అన్నాడు శెట్టిగారు, పంచె కొంగు ఎత్తి వెలుతురులో పెట్టి. అప్పుడు ఆయన గొంతులో అనుమానం వచ్చింది. "తెలుపే... గదా?"

అందరూ నావైపు తిరిగారు. శెట్టెమ్మ బట్టల గదికి నడిచింది, డ్రమ్ము మూత తీసింది, స్టీలు గిన్నెతో కొంచెం నీళ్లు ముంచింది. గిన్నెలో సిరా.

"ఏం మే ఇది?"

"నీలం నీళ్లమ్మా. పారబోసేకి చెయ్యి రాలా. దాసిపెట్టినా."

"ఎన్నాళ్ల నుంచి?"

"వచ్చిన కాడ్నుంచీ. రోజూ నాలుగు సుక్కలే యేసినానమ్మా, ఒట్టు. ఎక్కువ యేయలా."

గుత్తి వదినమ్మ తలుపు దగ్గర నిలబడి, "దీన్ని పంపీయ్ మరదలా. రేపు వ్రతం పెట్టుకోని ఇంటిల్లిపాదీ నీలమేఘశ్యాములై కూచుంటారా? బట్టలు మునుపటి మాదిరి చాకలాయనకే వేసుంటే బాగుండు" అంది. వంటింటి దగ్గర మా పెద్దమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నేను నా సంచి ఎక్కడుందో, నల్లమాడ బస్సు ఎన్నింటికో లెక్క వేస్తున్నాను.

శెట్టెమ్మ మాత్రం చీర కుచ్చిళ్లు దోపుకుంది. "పంపే సంగతి తర్వాత. ముందు బట్టలు తెల్లగా కావాల. వదినా, నువ్వు గూడ ఒక చెయ్యెయ్యి." ట్యాంకరుకు ఫోను చేశారు. పెరట్లో ఉన్న తొట్లు, గంగాళాలు అన్నీ పరిచాం. మంచినీళ్లలో నానబెట్టడం, పిండడం, నీళ్లు మార్చడం, మళ్లీ నానబెట్టడం. నలుగురు ఆడవాళ్లం, పొద్దు వాలేదాకా. మొదట నన్ను తిడుతూ పిండిన గుత్తి వదినమ్మ, మూడో విడతకు తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టింది, నాలుగో విడతకు తన అత్తగారింట్లో తాను పట్టుచీరకు గంజి పెట్టిన కథ చెప్పి మమ్మల్ని నవ్వించింది. నెలంతా నేను చుక్కచుక్క దాచిన నీళ్లకు నాలుగింతలు ఆ ఒక్క పూటలో ఖర్చయ్యాయి. మళ్లీ అదంతా చూస్తూ నిలబడలేక, ఆ పిండిన నీళ్లను బిందెలతో చెట్లకు మోశాను. ఎవరూ మోయమనలేదు. ఏడుస్తూనే మోశాను.

బట్టలన్నీ తీగకెక్కాక చూస్తే పూర్తి తెలుపు కాదు గానీ, మనుషులు కట్టుకోదగ్గట్టు ఉన్నాయి. నేను సంచి భుజాన వేసుకుని శెట్టెమ్మ ముందు నిలబడ్డాను. ఆమె మెట్టు మీద కూర్చుని వేళ్లు చూసుకుంటోంది, నీలంగా ముడుచుకుపోయి ఉన్నాయి.

"యాడికి?"

"మా ఊరికమ్మా. తెల్లగుంటేనే ఉండమంటివి."

"తెల్లగా చేసేది నేర్పచ్చు మే. నేర్పినా, సగం నేర్పినా. ఆ నీళ్లు పారబోయాలని చెప్పకపోయింది నేనే." ఆమె పెరటి చెట్ల వైపు చూసింది, పాదుల నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి. "నీళ్లు పారబోసేకి చెయ్యి రాని మనిషిని మాత్రం నేను యాడని ఎతికేది? లోపల పెట్టు సంచి. పెట్టి, అందరికీ కాఫీ కలపమను మీ పెద్దమ్మను."

గుత్తి వదినమ్మ గొణిగింది గానీ కాదనలేదు. నేను ఆ ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నాను. నాయన కూడా ఆ ఏడు బెంగళూరుకు పోలేదు, శెట్టిగారి గోడౌనుకు కాపలా ఉన్నాడు. ఇప్పుడు నాకు పుట్టపర్తిలోనే రెండు గదుల ఇల్లు ఉంది. అందులో ఒక మూల, తలుపు వెనకాల, చిన్న అర, రెండు బుట్టలు, పొడి డబ్బా, క్లిప్పుల సంచి, గుండీల డబ్బా. మా పాప బడి చొక్కాకు నీలిమందు వేసేటప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకే లెక్కపెడతానని అది నన్ను ఎగతాళి చేస్తుంది. ఒక్కోసారి ఆ లెక్క మధ్యలో, మోచేతుల దాకా నీలమై, సంచి భుజాన వేసుకుని నిలబడ్డ ఆ పిల్ల కళ్ల ముందుకు వస్తుంది. దగ్గరికి పోయి చెప్పాలనిపిస్తుంది. ఏం కాదులేమ్మా, నిన్ను యాడికీ పంపరు. పోయి చేతులు కడుక్కో.

కడిగిన నీళ్లు మాత్రం చెట్టుకు పొయ్యి.